ఉప్పు పాఠంలో నేను మింగేసిన సగం

ఇనుపగనుల ఊరు బచేలిలో మా క్వార్టరు కుళాయికి పొద్దున్నే ఓ అరగంట నీళ్ళొస్తాయి. కొండల మీది ఎర్రమట్టి కొట్టుకొచ్చే వానాకాలంలో ట్యాంకులో మందు దండిగా కలుపుతారు. బిందె సగం నిండేసరికే ముక్కు మండుతుంది. మా ఆవిడ దాన్ని బ్లీచింగు వాసన అంటుంది. నేను మాత్రం క్లోరిన్ అంటాను. ఆ పేరు నాకు నేర్పిన మనిషి భావనారాయణ మాస్టారు. కొండ మీద పులి నన్ను బీడీ అడిగిందని చెప్పినా ఇక్కడివాళ్ళు నవ్వుతూ వింటారు. మాస్టారి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వు రాదు.

అవి సంస్థానం రోజులు. కొంటలో శబరి ఒడ్డున మా నాన్నది ఉప్పు వ్యాపారం. రాజమండ్రి వైపు నుంచి ఉప్పు పడవల మీద వచ్చేది. సంతరోజున కిష్టారం వైపు అడవి పల్లెల నుంచి దోర్ల గిరిజనులు సారపప్పు తెచ్చేవారు. మానెడు పప్పుకు మానెడు ఉప్పు, అదీ బేరం. అందులో ఎవరు మోసపోతున్నారో పదహారేళ్ళ వయసులోనే నాకు తెలుసు. సంస్థానం బడుల్లో చదువంతా హిందీలోనే గనక, తెలుగు వర్తకులు కలిసి మా గోదాములో ఓ బడి పెట్టుకుని, కోస్తా నుంచి మాస్టారిని పిలిపించారు. అక్కడి బడిలో పైవాళ్ళతో పేచీ పడి ఆయన ఉద్యోగం పోగొట్టుకున్నాడు. "ఇక్కడా పోతే ఇంక నన్ను ఏ బడీ గడప తొక్కనివ్వదురా" అనేవాడు నవ్వుతూ. ఆ మాట వేళాకోళం కాదని మాకందరికీ తెలుసు.

ఒకరోజు ఆయన నేల మీద సుద్దతో వలయాలు గీసి, వాటి మీద చింతగింజలు పేర్చాడు. "ఈ గింజలు ఎలక్ట్రాన్లనుకోండి. ఇది సోడియం పరమాణువు. లోపలి వరుసలు నిండిపోయాయి, వాళ్ళకి ఎవరితోనూ పనిలేదు. ఇదిగో, బయటి వరుసలో ఒక్కడే ఒక్కడు. ఎవరితో కలవాలో, ఎలా కలవాలో తేల్చేది ఈ బయటివాడే." పక్కన ఇంకో బొమ్మ గీశాడు. "ఇది క్లోరిన్. బయట ఏడుగురున్నారు. ఎనమండుగురైతే గానీ కుదురుండదు."

"అయితే ఆ ఒక్కణ్ణీ ఎత్తుకుపోతుందా మాస్టారూ?" అన్నాను.

"నీది అంగడి బుర్రరా వీరేశం! ఎత్తుకుపోతే ఒకడికే లాభం. ఇక్కడ ఇచ్చినవాడికీ లాభమే. బయటివాడు పోగానే లోపలి నిండు వరుస తేలింది, చూశావా?" అంటూ గింజను అవతలి వలయంలోకి జరిపాడు. "ఇచ్చినదానికి ధనావేశం, పుచ్చుకున్నదానికి రుణావేశం. ఇక రెండూ ఒకదాన్నొకటి లాక్కుని వదలవు. అదే బంధం. ఇవ్వడం కుదరని చోట పంచుకుంటాయి. రెండు క్లోరిన్లు కలిస్తే చెరో గింజా మధ్యలో పెట్టి, రెండూ ఇద్దరివీ అనుకుంటాయి."

నీళ్ళు తగిలితే భగ్గుమనే లోహం, పీలిస్తే ఊపిరితిత్తులు మాడ్చే పచ్చని వాయువు, ఒక్క గింజ చోటు మారగానే అన్నంలో వేసుకునే ఉప్పయ్యాయి. యుద్ధంలో ఆ వాయువుతో సైనికులను చంపారని కూడా చెప్పాడు. మర్నాడు నన్ను నిలబెట్టి అప్పజెప్పమన్నాడు. ఒక్క మాట తప్పకుండా చెప్పాను. "వీడు పట్టుకున్నాడు" అని మురిసిపోయాడు.

తరువాతి సంతకు నాన్న భోజనానికి వెళితే ఉప్పు రాశి దగ్గర నేను కూర్చున్నాను. కిష్టారం పొజ్జమ్మ సారపప్పు పోసి, ఉప్పు బుట్టకెత్తుకుంటూ అంది: "ఏంది వీరేశం, ఇయ్యాల ఉప్పు మస్తు తెల్లగున్నది?"

"తెల్లగనే ఉంటది అవ్వా. లోపలేమున్నదో తెలిస్తే ముట్టవు."

అంతే, చుట్టూ పదిమంది మూగారు. నాకు నోరూరింది. "రెండు దయ్యాలున్నయి. ఒకటి నీళ్ళు తాకితే మండుతది. ఇంకోటి పచ్చపొగ, పీలిస్తే పానం పోతది. దొరలు లడాయిల దాంతోనే పల్టన్లకు పల్టన్లు చంపిన్రు. మా పంతులు చెప్పిండు, బుక్కుల ఉన్నది."

"మరి మేం చస్తలేమేంది?" అన్నాడొకడు.

సరిగ్గా ఇక్కడ ఆ గింజ చోటు మారిన సంగతి చెప్పాలి. చెబితే కథ చప్పబడిపోతుంది. "మెల్లమెల్లగ చస్తున్రు" అన్నాను.

పొజ్జమ్మ బుట్ట దించింది. ఉప్పు రాశి మీద గుమ్మరించి, తన సారపప్పు తాను ఎత్తుకుని, చేతులు చీరకు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

వరసగా రెండు సంతలు ఉప్పు ముట్టినవాడు లేడు. మూడో సంతకు ముందు వర్తకులు మా అరుగు మీద చేరి మాస్టారిని పిలిపించారు. ఊరంతా పాకింది పంతులు పేరే గానీ, సంతలో కథ చెప్పింది నేనని నాన్నకు అప్పటికి తెలియదు.

"సాఫ్ చెప్పు పంతులూ" అన్నాడు నాన్న. "ఉప్పుల విషమున్నదని చెప్పినవా, లేదా?"

"విషవాయువు నుంచి ఉప్పు పుడుతుందని చెప్పాను. పుట్టాక అందులో విషం లేదు. చింతగింజలు తెప్పించండి, చూపిస్తాను."

"గింజలాటలు పిల్లగాండ్లతోటి ఆడుకో" అన్నాడొక వర్తకుడు.

"అయితే పిల్లవాణ్ణే అడగండి" అని మాస్టారు ధీమాగా నా వైపు తిరిగాడు. "వీడికి మొత్తం వచ్చు. చెప్పరా వీరేశం, సోడియం ఏమిచ్చింది?"

నాన్న కళ్ళు చూశాను. నిజం చెబితే ఆ మిగతా సగం సంతలో ఏమైందో కూడా చెప్పాలి. "నాకు యాదికి లేదు నాన్నా. విషమున్నదనే చెప్పిండు" అన్నాను.

మాస్టారు తిట్టలేదు. "మొన్న వచ్చు కదరా" అన్నాడు, అంతే.

తిరుగు పడవలో ఆయన్ను పంపించేశారు. రేవులో నేను బస్తాల వెనక నిలబడి చూస్తున్నాను. పొజ్జమ్మ ఆకుపొట్లంలో సారపప్పు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "మా పానాలు కాపాడినవు పంతులూ. గందుకే గీ సేట్లు నిన్ను ఎల్లగొడుతున్రు."

ఆయన అదిరిపడ్డాడు. "కాదమ్మా, ఉప్పు తిను, ఏమీ కాదు. ఎండల్లో పనిచేసేవాళ్ళకి అది లేకపోతేనే ప్రమాదం" అని, పడవ చెక్కకు అంటిన ఉప్పు గీకి తన నాలుక మీద వేసుకున్నాడు.

ఆమె జాలిగా చూసింది. "వాళ్ళే నీతోటి అట్ల అనిపిస్తున్రు, బిడ్డా."

ఆమె యాసలో నచ్చజెప్పడం ఆయనకు రాదు. నాకు వచ్చు. పది అడుగులు ముందుకు వెళ్ళి ఆ సగం చెబితే సరిపోయేది. పడవ మలుపు తిరిగేదాకా నేను బస్తాల వెనకనుంచి కదల్లేదు.

నాన్న సంతలో అందరి ముందూ గుప్పెడు ఉప్పు నమిలి, పంతులుకు పిచ్చి అన్నాడు. ఒక్కొక్కరే మళ్ళీ ఉప్పుకు వచ్చారు. పొజ్జమ్మ రాలేదు. ఆమె సారపప్పు ఇచ్చి ఉప్పుకు బదులు గుడ్డ పట్టుకుపోయేది. రెండో ఎండాకాలానికి సంతకు రావడమే మానేసింది. ఎందుకని నేను ఎవరినీ అడగలేదు.

సంస్థానం పోయిన చాలా ఏళ్ళకు, కూనవరం దగ్గర ఓ కలప డిపోలో మాస్టారు కనిపించాడు. దుంగల మీద తారుతో నంబర్లు వేస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టి, నేను నోరు తెరవకముందే అడిగాడు: "ఒరేయ్, ఆ కిష్టారం ముసలమ్మ మళ్ళీ ఉప్పు తిందా?"

క్షమించమని అడగాలని ఎన్నేళ్ళుగానో కూడబెట్టుకున్న మాటలు పక్కన పెట్టేశాను.

"తిన్నది మాస్టారూ. మీరు పోయిన నెలకే వచ్చింది. నేనే గింజలు పేర్చి చూపించిన. 'ఓరి, ఇయ్యంగనే దోస్తులైన్రా!' అని ఒకటే నవ్వు. మానెడు ఉప్పు పట్టుకపోయింది. మనవరాలికి సుత చెప్పిందట."

మాస్టారి ముఖం విప్పారింది. "నీకు పాఠం వచ్చని నాకు తెలుసురా. ఆ రోజు భయపడ్డావు, అంతేగా" అన్నాడు. నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, తారంటుకుంటుందని వెనక్కి తీసుకున్నాడు.

ఆ అబద్ధం ఆయన కోసం చెప్పానా, నా కోసం చెప్పానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. మాస్టారూ, పొజ్జమ్మా ఇద్దరూ లేరిప్పుడు. ఆ పాఠం నాకింకా పూర్తిగా వచ్చు. చెప్పవలసిన చోట ఒక్కసారీ చెప్పలేదు.