మైకు లేని చోట

“ప్రార్థనలో దేవుడి పేరు పక్కన మంత్రిగారి పేరు కూడా మా పిల్ల చేత చెప్పిస్తున్నారు బాబాయ్. వద్దంటే మందిరం బడిలోంచి తీసేస్తారేమోనని భయంగా ఉంది,” అన్నాడు ఆ పిల్ల తండ్రి.

మైకులు పెట్టే ముసలాయన ఎప్పటిలాగే చొక్కా అంచుతో మైకు తుడిచి, గోటితో రెండుసార్లు తట్టి, పిల్ల ఎత్తుకి దించాడు. ముప్పై ఏళ్లుగా ఉదయం మందిరం గురువుగారికీ సాయంత్రం పార్టీవాళ్లకీ అదే మైకు. “ఎవరిదైనా ఎంగిలి ఎంగిలేగా,” అనేవాడు తుడుస్తూ. ప్రార్థనలో పిల్ల మంత్రిగారి పేరు దగ్గరికి రాగానే ఆయన బొటనవేలు మైకు మీట మీద కదిలింది. పిల్ల పెదాలు ఆడాయి గానీ హాల్లో ఏమీ వినపడలేదు. ముందు వరుసలో మంత్రిగారు తలెత్తి చూశారు.

సాయంత్రానికల్లా ఆయన పని పోయింది. వైర్లు చుట్టుకుంటూ పిల్ల తండ్రితో, “రేపు నా చోట వచ్చేవాడు మీట కట్టేయడు నాయనా. పిల్లకి ప్రార్థన ఇంట్లోనే నేర్పించుకో, మైకు లేని చోట,” అన్నాడు.

ఇప్పుడు ఆ పిల్ల ఇంట్లో చేసే ప్రార్థన పక్కగదిలోకి కూడా వినపడదు.