‘వృద్ధి’ రాయమన్నారు

బోర్డులు రాసే పెయింటరుకు యాభై మూడో ఏట కుడిచెయ్యి వణకడం మొదలైంది. అప్పటిదాకా స్కేలు లేకుండా గీత గీసిన మనిషి. మందులషాపు బోర్డు మీద అతని తలకట్లు వానపాముల్లా మెలికలు తిరిగాయి. షాపాయన పల్లెత్తు మాట అనలేదు గానీ, వారం తిరక్కుండా ఫ్లెక్సీ వేయించుకున్నాడు.

మూడేళ్లకు ఆపరేషన్ అయింది. మెదడులోకి సన్నటి తీగలు దించి, ఛాతీ చర్మం కింద అగ్గిపెట్టెంత యంత్రం అమర్చారు. దాని కరెంటుకు వణుకు ఆగింది. నాలుక మాత్రం మొద్దుబారింది. ‘నీళ్లు’ అనబోతే ‘నీయు’ అని వచ్చేది. కరెంటు కాస్త సర్దితే పోతుందన్నాడు డాక్టరు. సర్దే పరికరం యంత్రం అమ్మిన కంపెనీ టెక్నీషియన్ దగ్గరే ఉంటుంది. ఆ అమ్మాయిని కంపెనీవాళ్లు అమ్మకాల్లోకి మార్చేశారు. అయిదు నెలలు ఫోన్ చేస్తే అయిదు నెలలూ ఒకటే జవాబు, “వచ్చే వారం సార్.”

ఆఖరికి వాళ్లే ఫోన్ చేసి, తమ వార్షిక సభకు రమ్మన్నారు.

“వాళ్ల మొహం మండ! ఇన్నాళ్లూ ఉన్నావా పోయావా అనలేదు, ఇప్పుడు కారు పంపిస్తారట” అంది భార్య. “అయినా పోయి రండి. ఆ అమ్మాయి అక్కడైనా దొరుకుతుందేమో.”

హాల్లో తెర మీద ఎర్రగీత ఒకటి పైపైకి పాకుతోంది. “మన మార్కెట్ ఏటేటా పెరుగుతోంది. చేతులు వణికేవాళ్లు ఇంకా లక్షల్లో ఉన్నారు!” అన్నాడు మేనేజరు, ఇంట్లో మనవడు పుట్టినంత సంబరంగా. అందరూ చప్పట్లు కొట్టారు. పెయింటరుకు ఒళ్లు మండింది. ఊరికి రోగమొస్తే వీళ్లకు ఆకలి వేస్తుంది కాబోలు అనుకున్నాడు.

వాళ్లు చెప్పిన ప్రకారం పెయింటరు వేదిక మీద తెల్లబోర్డు మీద ‘వృద్ధి’ అని రాయాలి. సగంలో తన దగ్గరుండే ఆన్-ఆఫ్ రిమోటుతో యంత్రం ఆపి వణుకు చూపించాలి. మళ్లీ ఆన్ చేసి పూర్తిచేయాలి. ‘వృ’ ముత్యంలా రాసి రిమోటు నొక్కాడు. కాసేపటికి కుంచె ఎగరడం మొదలెట్టింది. జనం మెడలు సాచి చూశారు.

“ఇప్పుడు ఆన్ చేయండి సార్” అన్నాడు మేనేజరు.

పెయింటరు రిమోటు జేబులో వేసుకుని మైకు లాక్కున్నాడు. నాలుక తేలికపడింది.

“ఆన్ చేస్తే నాకు నోరు తిరగదండీ, అందుకే ఇప్పుడు చెప్తున్నా. అయిదు నెలలుగా ముద్దముద్దగా మాట్లాడుతున్నా. సర్దే పిల్లని తీసుకెళ్లి అమ్మకాల్లో కూర్చోబెట్టారు. అమ్మడానికి ఇంతమంది ఉన్నారే, అమ్మినదాన్ని చూసుకోడానికి ఒక్కరు లేరా?”

హాలు గతుక్కుమంది. అంతలో ముందు వరుసలో ఒకడు చప్పట్లు మొదలెట్టాడు. మిగతావాళ్లూ అందుకున్నారు. ఇదీ ప్రదర్శనే అనుకున్నట్టున్నారు.

“చూశారా, ఎంత ఎమోషనల్ అయిపోయారో!” అన్నాడు మేనేజరు పళ్లికిలిస్తూ.

చెప్పుకంటిన బురదను చూసినట్టు చూశాడు పెయింటరు. తడికుంచె మేనేజరు చేతిలో పెట్టి, “మిగతా అక్షరం మీరే రాసుకోండి” అని దిగొచ్చేశాడు.

లిఫ్టు దగ్గర వెనకనుంచి ఆ టెక్నీషియన్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. “బాబాయ్‌గారూ, ఒక్క అరగంట కూర్చోండి. పరికరం నా బ్యాగులోనే ఉంది.”

లోపల భోజనాలు నడుస్తుంటే, బయట సోఫాలో ఆమె యంత్రం ఆన్ చేసి కరెంటు కొద్దికొద్దిగా మార్చింది. చెయ్యి చాపమంది, ఇరవై దాకా లెక్కపెట్టమంది. “ఇప్పుడు మా మేనేజర్ని ఒక తిట్టు తిట్టండి.”

“వెధవ!”

‘ధ’ ఒత్తుతో సహా పలికింది. చిటికెనవేలు కొంచెం అదురుతోంది, అంతే.

“నిన్నేమైనా అంటారేమోనమ్మా?”

“అననీండి.”

అన్నారు. సభ మధ్యలో లేచి వెళ్లిందని మెమో ఇచ్చారు. ఆమె ఆ ఉద్యోగం వాళ్ల మొహాన కొట్టి, ఒక ఆసుపత్రిలో ఇలాంటి యంత్రాలు సర్దే పనికి కుదిరింది. పెయింటరు మూడు నెలలకోసారి అక్కడికే వెళ్తున్నాడు.

మరుసటేడు కంపెనీ వార్షిక నివేదిక పుస్తకం పోస్టులో వచ్చింది. అట్ట మీద మైకు పట్టుకున్న పెయింటరు ఫొటో, కింద ‘ఆనందంతో మాటలు రాని క్షణం’ అని. అక్షరాల మధ్య ఎడం చూసి, “దరిద్రపు రాత” అన్నాడు పెయింటరు.