చంపుడు లేని పచ్చీసు

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో క్వార్టర్ల ముందు గచ్చు మీద బొగ్గుముక్కతో పచ్చీసు గీసుకుని నలుగురం ఆడపిల్లలం ఆడుతున్నాం. మా అక్క గవ్వలు వేసింది. తన కాయను తెచ్చి నర్సమ్మ కాయ మీద టక్కున పెట్టి, "సచ్చిందే నీ కాయ!" అని అరిచింది.

నర్సమ్మ గవ్వలన్నీ ఊడ్చి విసిరేసి ఏడుపు అందుకుంది...

ఓడిపోతున్నందుకు కాదు. వాళ్ల నాయన అప్పుడు బాయిలో ఉన్నాడు. బొగ్గు గనిని మేము బాయి అనే అంటాం. మనిషి లోపల డ్యూటీలో ఉంటే ఇంట్లో చావు మాట ఎత్తకూడదు. ఎత్తితే అమ్మలు మూతి మీద కొట్టేవాళ్లు. ఆటలో మాత్రం ఎత్తవచ్చట... ఎవరు పెట్టారో ఆ రూలు!

మర్నాడు నర్సమ్మే కొత్త ఆట తెచ్చింది. గడులు అవే, గవ్వలు అవే, కాయలుగా పెట్టే గాజుముక్కలూ అవే. చంపుడు మాత్రం లేదు. నడిమి గడి బాయి అడుగు. ప్రతి కాయా అక్కడిదాకా దిగాలి, మళ్లీ పైకి ఎక్కాలి. దారిలో ఇంకొకరి కాయ తగిలితే దాన్నీ వెంటబెట్టుకుని నడవాలి. షిఫ్టు సైరను మోగేలోపు అందరి కాయలూ పైకి రావాలి. ఒక్కటి లోపల మిగిలినా నలుగురం ఓడినట్టే.

నిజం చెప్తాను. మొదట్లో నాకూ చప్పగానే అనిపించింది. దిగేటప్పుడు ఆవులింతలు వచ్చేవి... కానీ ఎక్కేటప్పుడు చూడాలి! మా ఇళ్లలో గడియారం లేదు. సైరను ఎప్పుడు మోగుతుందో తెలియదు. ఎవరిదో ఒక కాయ అడుగునే ఉండిపోయేది. "పైన నీ లగ్గమైతాందా? ఆగు, ఎనకకొచ్చి దాన్ని తీస్కపో!" అని ఒకరి మీద ఒకరం అరుచుకునేవాళ్లం. అసలు పచ్చీసులో నేను ఎన్నడూ అంత అరవలేదు. ఆకలేస్తోంది, ఇక లేద్దామంటే నర్సమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. "ఇంకొకడున్నడే లోపట... వాడొచ్చినంకనే."

పక్క క్వార్టరు ఎంకటవ్వ పచ్చీసుకు పెట్టింది పేరు. ఒకరోజు వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది. "సంపుడు లేని పచ్చీసు ఏం పచ్చీసే? కారం లేని తొక్కు లెక్క!" అని కాలితో మా గడులన్నీ తుడిచేసింది.

"ఒక్కపాలి ఆడి సూడు అవ్వా" అంది నర్సమ్మ.

"థూ... దాన్ని నేనాడుడా?"

ఆమె చచ్చిపోయేదాకా ఒక్కసారీ ఆ ఆట ఆడలేదు. ఆడకుండానే తిట్టింది. వాడకట్టంతా ఆమె మాటే పట్టుకుంది. నర్సమ్మ మళ్లీ బొగ్గుముక్క ముట్టలేదు. ఆ ఆట అట్లా పోయింది... నా కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న మా ఇంట్లో మళ్లీ ఎంకటవ్వ పుట్టింది. ఈసారి మీసాలతో.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెప్తుంటే ఇంటర్ చదివే నా మనవరాలు స్పందన రాస్తోంది. ఒక్క మాట మెత్తగా మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను. ఈ పిల్ల ఫోనులో ఒక ఆట ఆడేది. అంతకుముందు తుపాకుల ఆట ఒకటి వచ్చిందట, పోరగాళ్లంతా పిచ్చిగా ఆడారట. అది చేసినవాళ్లే, అదే పేరుతో, అవే బొమ్మలతో ఈ కొత్తది వదిలారు. ఇందులో తుపాకులు లేవు. వరద వస్తుంది. ఇళ్ల కప్పుల మీద చిక్కుకున్నవాళ్లను పడవలో ఒడ్డుకు చేర్చాలి. అంతే, ఇక లోకమంతా ఒకటే తిట్లు...

స్పందన వాళ్ల అన్న వినయ్ తొంగిచూసి నవ్వాడు. "గదొక గేమా? అసలు దాని పేరు ఖరాబ్ చేసిన్రు. నీ దోస్తులకు చెప్త, ఇజ్జత్ పోతది సూడు." చెప్పాడు కూడా. వాళ్లు ఏమేం రాశారో గానీ, పిల్ల ఆ ఆటనే ఫోనులోంచి తీసేసి అన్నం తినకుండా పడుకుంది.

వాణ్ణి పిలిచాను.

"నువ్వు ఆడినవారా?"

"ఆడేదేముంది బాపమ్మా? అందరు తిడుతున్నరు గద."

"ఆ అందరు ఆడిన్రా?"

"ఎవలాడుతరు గసుంటిది!"

ఒళ్లు మండిపోయింది నాకు. ముద్ద నోట్లో పెట్టకుండానే ఉప్పు లేదని పళ్లెం తోసేవాడికి నేను రెండో పూట అన్నం పెట్టను. ఆ తుపాకుల ఆట మంచిదే కావచ్చు. పచ్చీసూ మంచిదే, నేనూ ఆడాను. దీన్ని తెచ్చి దాని పక్కన నిలబెట్టి ఎందుకు తిడతారు? పేరు నచ్చకపోతే వేరే పేరు పెట్టి పిలుచుకోండి. ఆట ఎట్లుందో మాత్రం ఆడి చెప్పండి!

"పెట్టవే ఆ ఆట మళ్ల. నాకు నేర్పు" అన్నాను స్పందనతో.

"వద్దు బాపమ్మా, నవ్వుతరు."

"నవ్వనీ. పండ్లు వాళ్లయి, మనకేంది?"

ఆడాను. ఇప్పుడు చెప్తాను వినండి. పడవ నత్తలా నడుస్తుంది. అందులో బర్రెను చూస్తే మేకలా ఉంది. ఆ వాన చప్పుడుకు తల నొచ్చింది. ఇవి తప్పులే, కాదనను. కానీ నీళ్లు ఒక్కో మెట్టూ మింగుతూ పైకొస్తుంటే, కప్పు మీద ముసలాయన చెయ్యి ఊపుతుంటే... ఫోను ముక్కుదాకా లాక్కున్నాను. స్పందన అరుస్తోంది, నేనూ అరుస్తున్నాను. తలుపు దగ్గర నిలబడి వినయ్, "ఎడమకు తిప్పు బాపమ్మా, ఎడమకు!" అంటున్నాడు. వాణ్ణి ఎవరు పిలిచారు?

చార్జింగ్ అయిపోతోంది, ఇక ఆపుదామంది పిల్ల.

"ఇంకొకడున్నడే కప్పు మీద... వాడొచ్చినంకనే" అన్నాను.

అన్నాక తెలిసింది, ఆ మాట నాది కాదు... నర్సమ్మది.

అప్పట్లో ఒక్క ఎంకటవ్వ ఉండేది. ఆమె కాలు కళ్లకు కనబడేది. ఇప్పుడు ముఖం తెలియనివాళ్లంతా కలిసి, తాము ఆడని ఆటను తుడిచేస్తున్నారు... మీ చిన్నప్పుడు కూడా ఎవరైనా కాలితో తుడిచేసిన ఆట ఉంటే ఈ పోస్టు కింద రాయండి. స్పందన చదివి వినిపిస్తుంది. బాగా లేకపోతే ఆడి తిడతాను... ఆడకుండా మాత్రం తిట్టను.