చెడు రక్తమన్నారు

ఆసుపత్రి నేల కడిగే లైజాలు వాసన తగిలితే నాకు ఇప్పటికీ కరుణమ్మ గారే గుర్తొస్తారు. మొన్న మా అమ్మాయి కాన్పుకని విజయవాడలో ఆసుపత్రి వసారాలో కూర్చున్నప్పుడూ అంతే. ఈ అమ్మాయిని వాళ్ళమ్మ కడుపు కోసి బయటికి తీసిన డాక్టరమ్మ ఆవిడే. అప్పుడు ఈ ఊరు బెజవాడ. నేను మంగళగిరిలో నేతచీరలు కొని అమ్మేవాణ్ణి.

ఆపరేషనయ్యాక నా భార్య సుబ్బుల్ని ఇంటికి పంపుతూ, రక్తం ఆగి మళ్ళీ మొదలైతే వెంటనే తీసుకురమ్మన్నారావిడ. పురిటిస్నానం చేయించిన రోజునే మొదలైంది. అది చెడు రక్తమనీ, ఎంత పోతే అంత మంచిదనీ మా అమ్మ బాలింతలకు పెట్టే కాయం తినిపించి నడుముకు గుడ్డ బిగించింది. మా ఇళ్ళల్లో అందరూ అనేదే. డాక్టరమ్మ మాట నాకు గుర్తుంది. కాని పెళ్ళిళ్ళ రోజులు, వ్యాపారం ముమ్మరంగా ఉంది. అమ్మను నమ్మడం నాకు అనుకూలమైంది. సుబ్బులుకి జ్వరం వచ్చి, పాలు తగ్గి, బిడ్డ ఏడుపు ఆపకపోయేసరికి గాని రైలెక్కించలేదు.

కరుణమ్మ గారు పరీక్ష చేసి, ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. నిన్నటి నుంచి అన్నాను. మంచం మీంచి సుబ్బులు సన్నగా, "స్నానం నాటి నుంచండీ" అంది.

ఆవిడ తిట్టలేదు. "మీరు చెప్పేదాన్ని బట్టే నా చెయ్యి నడుస్తుంది, వీరయ్య గారూ" అన్నారు. వసారాలోకి తీసుకొచ్చి దాపరికం లేకుండా చెప్పారు. లోపల మాయ ముక్క మిగిలినట్టుంది. తీయకపోతే రక్తం ఆగదు, జ్వరం ముదురుతుంది. తీద్దామంటే, కోసి కుట్టిన గర్భసంచి ఇంకా పచ్చిది, పరికరం తగిలి చిల్లు పడొచ్చు. పడితే మళ్ళీ పొట్ట తెరవాలి, సంచినే తీసెయ్యాల్సి రావచ్చు. ప్రాణానికీ భరోసా లేదు.

"కుట్టు పడి నెల కావస్తోంది కదండీ" అన్నాను.

"గుడ్డయితే కుట్టిన పూటే కట్టుకోవచ్చు. ఇది మాంసమండీ."

అప్పుడు నేనడిగింది తలుచుకుంటే ఇవాళ్టికీ తలెత్తలేను. సంచి పోతే మగపిల్లాడు ఎలాగండీ అన్నాను. ఇదంతా సుబ్బులుకి చెప్పొద్దు, భయపడుతుంది అని కూడా అన్నాను.

"కడుపు ఆమెది కదండీ" అని ఆవిడ లోపలికి వెళ్ళి, కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని, మొదటి నుంచీ మళ్ళీ చెప్పారు. సుబ్బులు అంతా విని, పక్కనున్న బిడ్డ మీద చెయ్యి వేసింది.

"ఆ ముక్క తీసెయ్యండి డాక్టరమ్మ గారూ. దీనికి పాలిచ్చే ఓపిక మిగిలితే చాలు. ఆయన్ని అడక్కండి, ఆయనతో బేరం తెగదు."

కరుణమ్మ గారు నవ్వారు. నేను గుమ్మంలోనే ఉన్నాను.

చాలావరకు వేలితోనే మెల్లగా తీశారట. వేలికి గోడ తెలుస్తుంది, ఇనుముకి తెలియదని తర్వాత చెప్పారు. సంచి చిరగలేదు. జ్వరం మాత్రం చాలా రోజులు పీడించింది. మళ్ళీ కడుపు రాలేదు. నేను ఆలస్యం చేసినందుకేనా అని కొన్నేళ్ళకు అడిగితే, ఆవిడ చేతులు తుడుచుకుంటూ "కావచ్చు" అన్నారు. కాదని ఊరడించలేదు. ఆ ఒక్క మాటకు నేనావిడకు ఎప్పటికీ రుణపడి ఉన్నాను.

మొన్న కుర్ర డాక్టరొకాయన వసారాలోకి వచ్చి, ఇంట్లో పెద్ద మీరేనా, ఓ విషయం తేల్చాలి అన్నాడు. నేను లేచి గది తలుపు తెరిచి పట్టుకున్నాను.

"అమ్మాయి మెలకువగానే ఉందండీ" అన్నాను.

లోపల సుబ్బులు అప్పటికే ఆయన కోసం కుర్చీ మంచం దగ్గరికి జరుపుతోంది.