ఆఫీసరమ్మ బతికుంటే కుర్చీ నాది

ఆ రోజుల్లో మనిషి పరువు ఒంట్లో ఎక్కడ ఉంటుందని ఎవరైనా అడిగితే, వెన్నెముకలో అని తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఇప్పుడు అడిగితే మాత్రం, ముందు నన్ను కాస్త కూర్చోనివ్వండి అంటాను. మా తాతగారు వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీది వాళ్ళు లేచి నిలబడేవారట. నేను పుట్టేనాటికి పొలాలు వకీళ్ళ పాలయ్యాయి, గడి టేకు స్తంభాలు ఎవరి హోటలుకో తరలిపోయాయి (గడి అంటే మా వైపు దొరల ఇల్లు). వంశం మొత్తంలో నాకు దక్కినవి వంగని నడుమూ, కోర్టు భాషా. ఆ రెండూ పట్టుకుని మస్కట్ విమానం ఎక్కి, సమాయిల్ దగ్గర ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ క్యాంపులో స్టోర్‌కీపర్‌గా దిగాను. సైటుకు మేకులూ సిమెంటు బస్తాలూ ఇచ్చే పని. (ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం 'భాండాగారాధికారి' అన్నాను. మా పిన్ని ఆ మాటను నోరు తిరిగేదాకా అభ్యాసం చేసి ఊరంతా చెప్పిందట.)

రూములో అందరూ జగిత్యాల, నిజామాబాదు వైపు వాళ్ళు. వాళ్ళలో పెద్ద మేస్త్రీ మామ. గోడలు కట్టే మనిషి, రూములో తగవులు తీర్చేదీ ఆయనే. రెండోవాడు ఏసీ బావ. ఏసీలు బాగుచేసేవాడు కనుక, లోకంలో రిమోటన్నది ఏదున్నా తన చేతిలోనే ఉండాలని నమ్మేవాడు. ఇద్దరూ నన్ను దొరా అనే పిలిచేవారు. మామ అలవాటు కొద్దీ అనేవాడు. బావ మాత్రం ఆ మాట నవ్వకుండా ఒక్కసారి కూడా అనలేకపోయేవాడు. మాట సగం అయ్యేసరికి పళ్ళన్నీ బయటికి వచ్చేవి. అందరూ చాప మీద కూర్చుంటే నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి. పక్క ఖర్జూరం తోట ఆసామి పారేసిన తెల్ల ప్లాస్టిక్ చేతుల కుర్చీ అది. కడిగి తెచ్చుకున్నాను. వెనక కాలు ఒకటి పగిలి ఉండేది. నిటారుగా కూర్చున్నంత సేపూ ఏమీ కాదు, వెనక్కి వాలితే మాత్రం మనిషి నేల మీదే. నేనెలాగూ వాలే మనిషిని కాదు కనుక ఆ పగులు సంగతి రూములో ఎవరికీ తెలిసే అవసరమే రాలేదు. వంశ మర్యాదకూ ఆ కుర్చీకీ అంత చక్కగా కుదిరింది.

ఇక సీరియలు. అది ఇంగ్లీషుది. ఆకాశం నుంచి ఏవో దిగుతాయి, ప్రభుత్వంలో పెద్దలు వాటిని దాచేస్తారు, ఒక ఆఫీసరమ్మ ఆ కుట్రను బయటపెట్టాలని తిరుగుతూ ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం సెలవు పూట వచ్చేది. చిక్కల్లా ఏమిటంటే, చెక్క గోడకు అవతల నైట్ డ్యూటీ వాళ్ళు పడుకుని ఉండేవారు, అందువల్ల సౌండు పూర్తిగా తీసేయాలి. కింద వచ్చే అక్షరాలు అరబీవి. అంచేత కథ చెప్పే బాధ్యత, ఇంగ్లీషు చదువుకున్న ఏకైక వ్యక్తినైన నా మీద పడింది. వాళ్ళ పెదవులు కదులుతుంటే నేను మాటలు చెప్పేవాణ్ణి. మేస్త్రీ మామ, చిన్నప్పటినుంచీ ఒగ్గుకథలు విన్న మనిషి, ప్రతి వాక్యానికీ 'ఊఁ' కొట్టేవాడు. ఆయన ఊకొట్టిన కొద్దీ నాకు ఉత్సాహం పెరిగి, అమెరికా ఆఫీసర్లు మా తాతగారి కచేరీలో మాట్లాడినట్టు మాట్లాడేవారు.

ఎండలు ముదిరే వేళకు ఆ సీజన్ అయిపోయింది. ఆఖరి భాగంలో ఆఫీసరమ్మ ఒక ప్రయోగశాలలోకి వెళ్ళడం, అది పేలిపోవడం, అంతటితో తెర నల్లబడడం జరిగాయి.

"సచ్చింది," అన్నాడు ఏసీ బావ టీవీ ఆపుతూ. "గంత పెద్ద బిల్డింగే తునకలాయె."

"ఆమె చనిపోలేదు," అన్నాను.

"నీకెట్ల ఎర్క?"

"గొప్ప వంశంలో పుట్టిన మనిషి అలా చెప్పాపెట్టకుండా పోదు."

"అవునా, గామె గుడ మీ గడి మనిషేనా? సరే దొరా, పందెం. సచ్చిందనుకో, గా కుర్చి ఇడుస్తవా?"

"విడుస్తాను. బతికుంటే?"

బావ ఆలోచించాడు. ఇవ్వడానికి వాడి దగ్గరున్న అతి విలువైన వస్తువేదో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. "ఏడాది దాక నిన్ను దొరా అని పిలుస్త," అన్నాడు. "నవ్వకుంట."

వెంటనే ఒప్పుకున్నాను. మా నాన్నగారిని కూడా ఎవరూ అలా పిలవగా నేను వినలేదు.

ఆ వేసవంతా ఇదే గొడవ. తోటల్లో ఖర్జూరం గెలలు కోస్తున్నారు, సైటులో స్లాబు పోస్తున్నారు, మేము మాత్రం ఆఫీసరమ్మ బతికుందా లేదా అని వాదించుకుంటున్నాం. కొత్త సీజన్ మొదటి భాగం వచ్చే శుక్రవారం బావ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నా కుర్చీ మీద పరుచుకోవడానికి కొత్త తువ్వాలు తెచ్చాడు. అది భుజాన వేసుకుని నా పక్కనే నిలబడ్డాడు.

తెర వెలగగానే శవయాత్ర. పూలు, నల్లబట్టలు, మూసిన పెట్టె. బావ నా భుజం తట్టి, "లెవ్వు దొరా," అన్నాడు, పళ్ళన్నీ చూపిస్తూ.

నేను కదల్లేదు. "పై అధికారి అంటున్నాడు: 'ఈమె సేవలను ఈ రాజ్యము విస్మరింపజాలదు'..."

"ఊఁ," అన్నాడు మామ.

"వాడు గొంతు సవరిచ్చుకున్నడంతే," అన్నాడు బావ. "నువ్వప్పుడే రాజ్యం దాక పోయినవ్. ముందు కుర్చి ఇడువు."

"పెట్టె మూసి ఉంది. శవాన్ని కళ్ళారా చూసిన సాక్షి లేడు. ఈ కేసు నిలవదు."

"మీ భూముల కేసు గుడ గిట్లనే నిలవకపాయె గదా."

అంతలో తెర మీద వాన మొదలైంది. ఆ వానలో ఎవరో నడిచి వస్తున్నారు. తల మీది ముసుగు తీశారు. ఆఫీసరమ్మ. నేను కుర్చీలోంచి లేచి, జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా "బతికే ఉంది" అని అరిచాను. చెక్క గోడ అవతల మంచాలు కిర్రుమన్నాయి. నైట్ డ్యూటీ వాళ్ళు లుంగీలు బిగించుకుంటూ తలుపు తోసుకుని వచ్చారు, కొట్లాటకు సిద్ధంగా.

"ఎవరు బతికున్రు?" అని అడిగాడు ముందున్న వాడు.

"ఆఫీసరమ్మ," అన్నాడు మామ.

"అట్లనా. జర జరుగుర్రి," అని అందరూ చాప మీద సర్దుకుని కూర్చున్నారు.

నిద్రపోయే వాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు కనుక బావ దర్జాగా సౌండు పెంచాడు. ఆ సీరియల్లో మనుషులకు గొంతులుంటాయని మాకు అప్పుడే తెలిసింది. ఆఫీసరమ్మ పై అధికారి ఇంటి తలుపు తట్టింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అలాంటి చోట నేనైతే ఆమె చేత ధర్మం, ద్రోహం, రాజ్యం అన్నీ మాట్లాడించి ఉండేవాణ్ణి. ఆమె "ఐ యామ్ హంగ్రీ" అని లోపలికి పోయింది. ఆపాటి ఇంగ్లీషు రూములో అందరికీ వచ్చు.

"ఆకలైతుందంట," అన్నాడు బావ మెల్లగా, నా వైపు తిరిగి. "గింతేనా? పోయిన సీజనంత గిట్లనే మాట్లాడిందా గీమె?"

నా నడుము మొదటిసారి కాస్త వంగినట్టనిపించింది. మేస్త్రీ మామ బీడీ ఆర్పి, "బంజెయ్ ఆ సౌండు," అన్నాడు. "దొర చెప్పేదే మంచిగుంది. చెప్పు దొరా. ఏమంటుందామె?"

మళ్ళీ సౌండు తీసేశారు. నేను గొంతు సవరించుకుని, ఆకలిగొన్న ఆ ఇల్లాలి చేత అన్నం మీద ఒక చక్కని ఉపన్యాసం ఇప్పించాను. నైట్ డ్యూటీ వాళ్ళు కూడా ఊకొట్టారు. ఉపన్యాసం మధ్యలో ఆఫీసరమ్మ రొట్టె కోసుకుంటుంటే వేలు తెగింది. రక్తం ఆకుపచ్చగా వచ్చింది. వెంటనే ఇంకెక్కడో ఒక చీకటి గది చూపించారు, వరసగా గాజు జాడీలు, ప్రతి జాడీలో ఆఫీసరమ్మ ముఖమే, కళ్ళు మూసుకుని. అంతటితో మొదటి భాగం అయిపోయింది.

"నకలు," అన్నాడు బావ ఎగిరి గంతేసి. "అసలామె సచ్చింది. గీమె జాడీల తయారైంది."

"నడుస్తోంది, తింటోంది. చచ్చినవాళ్ళు రొట్టె తినరు," అన్నాను.

ఇద్దరం మేస్త్రీ మామ వైపు చూశాం. ఆయన కొత్త బీడీ వెలిగించుకుని, గోడ నిటారుగా ఉందో లేదో చూసినట్టు ఒక కన్ను మూసి తీర్పు చెప్పాడు. "సచ్చిన మాట నిజమే. బతికిన మాట నిజమే. మనిషున్నది గని అసలు మనిషి లేదు. మన దొర లెక్కనే." రూము గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. "కాబట్టి ఇద్దరు ఓడిన్రు. దొర కుర్చి ఇడువాలె. బావ నవ్వకుంట పిలువాలె."

తీర్పంటే తీర్పే. (మా వంశంలో తీర్పును గౌరవించినవాణ్ణి బహుశా నేనే మొదలు.) లేచి, చొక్కా సర్దుకుని, రాజ్యం అప్పగిస్తున్నవాడిలా చేయి చాచి చూపించాను. బావ తువ్వాలు దులిపి పరిచాడు. కూర్చున్నాడు. ఇంకా వాలలేదు. "బావా, ఆ కుర్చీలో నిటారుగానే..." అని నేను మొదలుపెట్టాను. "నువ్వు సప్పుడు చెయ్యకు. ఇగ నాది," అని కాలు మీద కాలు వేసుకుని, చేతులు తల వెనక పెట్టుకుని, సుఖంగా వెనక్కి వాలాడు.

టప్పుమని చప్పుడైంది. కాళ్ళు పైన, ఇస్త్రీ చొక్కా కింద. ఆ తరువాత రూములో ఎవరూ మనుషుల్లా లేరు. ఒకడు చాప కొరుకుతున్నాడు, ఒకడు మంచం కోడు పట్టుకుని ఏడుస్తున్నాడు. కిందపడ్డ బావ ముఖం ఎర్రబడింది, పెదవులు వణుకుతున్నాయి, బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. అయినా పళ్ళు కనబడనివ్వలేదు. నా వైపు చేయి చాచి, ఎంతో గంభీరంగా, "దొరా, జర లేవట్టు," అన్నాడు.

ఆ పిలుపు కోసమే కదా వేసవంతా ఎదురుచూశాను. అందుకోవడానికి వంగాను. వంగి, నవ్వు ఆపుకోలేక, వాడి పక్కనే చాప మీద కూలబడ్డాను. ఆ మధ్యాహ్నం నుంచీ ఆ రూము విడిచేదాకా నా చోటు అదే.

ఇప్పుడు మా ఇంట్లో మెత్తటి సోఫా ఉంది. "కొంచెం వెనక్కి వాలండి, ఎవరూ చూడటం లేదు," అంటుంది మా ఆవిడ. వాలుతాను, ముందోసారి వెనక కాలు తడిమి చూసుకుని. అసలు ఆఫీసరమ్మ ఏమైందో మాకు తెలియనేలేదు, తరువాతి శుక్రవారాలు ఓవర్‌టైములో పోయాయి. ఏడాది గడువు ఏనాడో తీరిపోయింది. అయినా ఏసీ బావ ఇప్పటికీ అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. 'దొరా' అంటాడు, కొంచెం కూడా నవ్వకుండా. అంత మర్యాద తట్టుకోలేక ఇవతల నవ్వేది నేనే.