ముల్లు దిగిన శుక్రవారం

సోమప్ప కారు సంగతి రాయదుర్గం చుట్టుపక్కల అందరికీ తెలుసు. అది గొప్ప కారని కాదు. దాని మీద ఆయన చెప్పే ఫిర్యాదులు పడని చెవి ఆ ప్రాంతంలో లేదు. టీ బంకు దగ్గర ఆగినా, జీన్స్ కుట్టే షెడ్ల ముందు కిరాయి కోసం నిలబడినా ముందు బానెట్ ఎత్తేవాడు, ఆ వెనకే నోరు విప్పేవాడు.

"చూడన్నా, రేడియేటర్ నెత్తిన ప్లాస్టిక్ పెట్టినారు. మన ఎండకు పగలక ఏమైతాది? ఆ కంపెనీ వాళ్లను ఒక్క దినం ఈడ నిలబెట్టాల."

కారుకు పదహారేళ్లు. ఆయన మూడో ఓనరు. కంపెనీ ఆ మోడల్‌ను ఎప్పుడో ఆపేసింది. అయినా తప్పంతా కంపెనీదే. కంపెనీది కాని రోజున మెకానిక్ ఇమ్మానుయేల్‌ది, అతనిది కూడా కాకపోతే అమ్మిపోయిన రెండో ఓనరుది. తనదని మాత్రం సోమప్ప ఏ రోజూ అనలేదు.

ముప్పై ఏళ్లు గొర్రెలు కాసిన మనిషి ఆయన. మందలో ఒక గొర్రె చెవులు వాల్చిందంటే దూరం నుంచే పసిగట్టేవాడు. భార్య మల్లీశ్వరికి మూత్రపిండాలు రెండూ చెడిపోయాక ఆ మంద మొత్తాన్నీ అమ్మి ఈ కారు కొన్నాడు. ప్రతి మంగళవారం, శుక్రవారం ఆమెను అనంతపురం తీసుకుపోయి డయాలిసిస్ చేయించాలి. ఒకసారి బస్సులో తిరిగొస్తూ ఆమె కళ్లు తిరిగి సీట్ల మధ్య పడిపోయింది. ఆ రోజే బస్సుకు దండం పెట్టేశాడు. కారైతే కొన్నాడు గాని దాని రోగం పట్టుకోవడం ఆయనకు చేతకాలేదు. స్టీరింగ్ వెనక ఉన్న ముల్లు ఒక్కదాన్నే నమ్మేవాడు. అది పైకి పోతే ఇంజను వేడెక్కినట్టు, కిందికి ఉంటే చల్లగా ఉన్నట్టు. అంతకు మించి తెలియదు.

ఇమ్మానుయేల్ ఇంజనును చల్లగా ఉంచే పచ్చరంగు కూలెంట్ పోసి పంపేవాడు. వారం తిరక్కముందే అదంతా కారిపోయేది. అప్పుడు సోమప్ప బోరు నీళ్లు పోసేవాడు. ఆ నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయంటే, ఆరబెట్టిన గ్లాసు మీద తెల్లగా పూత కడుతుంది. డిక్కీలో ఎప్పుడూ రెండు పెద్ద క్యాన్లు ఉండేవి. అవి కూడా అయిపోతే కళ్యాణదుర్గం దాటాక రోడ్డు పక్క ఇళ్లలో అడుక్కునేవాడు. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టుకున్న ఆడవాళ్లు తిట్టి మరీ పోసేవాళ్లు.

"ఏమప్పా, నీ బండి తాగే నీళ్లతో మా బర్రె బతుకుతాదే!"

అంత మాటకారి సోమప్ప అక్కడ మాత్రం తల వంచుకుని క్యాను పట్టేవాడు.

మల్లీశ్వరికి డాక్టరు రోజుకు అర లీటరు నీళ్లే తాగమన్నాడు. అంతకు మించితే నీరు ఒంట్లోనే నిలిచిపోయి ఊపిరాడదు. సోమప్ప ఒక సీసా మీద పెన్నుతో గీతలు గీసి, మూతతో కొలిచి పోసేవాడు. పొద్దున రెండు మూతలు, మాత్రలకు రెండు, ఎండపూట నాలుగు. ఆ లెక్కలో ఆయన కసాయివాడంత కఠినం. ఆమె ఎదుట తానూ నీళ్లు తాగేవాడు కాదు. గొర్రెల వెంట తిరిగినప్పటి అలవాటు కొద్దీ దాహం ఓర్చుకునేవాడు. కారులో కూర్చుని ఆమె నవ్వేది.

"దానికి పది లీటర్లు, నాకు అర లీటరు. ఇది యాడి న్యాయమయ్యా?"

"దానికి డాక్టరు చెప్పలేదు కదమ్మే," అనేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఆ మాట ఆమె ఎన్నిసార్లు అన్నదో, ఆయన ఎన్నిసార్లు నవ్వాడో లెక్క లేదు.

కారును మూడు రోజులు షెడ్లో వదిలితే రేడియేటర్ మార్చేస్తానని ఇమ్మానుయేల్ చాలాసార్లు చెప్పాడు. మంగళవారానికీ శుక్రవారానికీ మధ్య మూడు రోజులు చిక్కవు. శుక్రవారం తర్వాత చిక్కుతాయి గాని, సామాను బళ్లారి నుంచి రావాలి, ఆదివారం షెడ్డు మూత. అలా ఆ పని వారం వారం వెనక్కి పోయింది.

చివరికి ఈ వేసవిలో ఒక మంగళవారం కారు ఊరు దాటగానే ఆవిరి కక్కుతూ నిలిచిపోయింది. అది చల్లారి కదిలేసరికి పొద్దెక్కింది, ఆసుపత్రిలో ఆమె వంతు దాటిపోయింది. ఫోన్ చేస్తే, ఆ రోజు ఇంక ఖాళీ లేదు, శుక్రవారం పొద్దున్నే రమ్మన్నారు. అంతవరకూ నీళ్లు ఇంకా తగ్గించమని కూడా చెప్పారు. బుధవారానికే ఆమె పాదాలు ఉబ్బాయి.

ఆ సాయంత్రం ఒక లారీ డ్రైవరు ఉపాయం చెప్పాడు. రేడియేటర్‌లో గుప్పెడు పసుపు పోస్తే చిల్లి పూడుకుంటుందట. సోమప్ప వంటింట్లోకి పోయి డబ్బా తెచ్చాడు. "కూరకు కొంచెం మిగిలించయ్యా," అన్నది మల్లీశ్వరి. ఆయన మిగల్చలేదు. పోసి, ఇంజను తిప్పి, కారు కింద గోనెసంచి పరిచి పడుకున్నాడు. తెల్లారి చూస్తే సంచి మీద చుక్క తడి లేదు. చిన్నపిల్లాడిలా ఎగిరి ఇమ్మానుయేల్‌కు ఫోన్ చేశాడు.

"పసుపు ఒక్క చిల్లినే మూయదన్నా," అన్నాడు ఇమ్మానుయేల్. "లోపల సన్న గొట్టాలన్నీ మూసేస్తాది. రేపటికి వేరే బండి మాట్లాడుకో, నా మాట ఇను."

"రెండేండ్లుగా నువ్వు ఆపలేని లీకు మా ఇంటి పసుపు ఆపింది. అది ఓర్వలేకుండావు నువ్వు," అని ఫోన్ పెట్టేశాడు సోమప్ప.

శుక్రవారం చీకటి విడవకముందే బయల్దేరారు. మల్లీశ్వరి వెనక సీట్లో దిండుకు ఆనుకుని కూర్చుంది. పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. కళ్యాణదుర్గం వరకు బండి బాగానే నడిచింది. ఆ తర్వాత ముల్లు పైకి లేచింది. ఎర్ర గీతను తాకింది. ఆపి నీళ్లు పోయాలి. కాని ఆపితే ఇంజను చల్లారేదాకా మూత తీయలేరు, మంగళవారంలాగే వంతు పోతుంది. ఏం చేయాలో తోచక ఇంకో మైలు తోలాడు. అప్పుడు ముల్లు దానంతట అదే దిగడం మొదలైంది. నెమ్మదిగా దిగి, పూర్తిగా అడుక్కు చేరింది.

"చల్లబడిందమ్మే! చూడు, ముల్లు దిగింది," అని అరిచాడు.

"దేవుడుండాడు," అన్నది ఆమె వెనక నుంచి.

చల్లబడలేదు. లోపల నీళ్లన్నీ ఆవిరై పోయాయి. ముల్లుకు వేడి చెప్పాల్సింది ఆ నీళ్లే. తాకడానికి నీళ్లు లేక ముల్లు పడిపోయింది. ఇది ఇమ్మానుయేల్ తర్వాత చెబితే తెలిసింది. ఆ పూట సోమప్ప సంతోషంగా ఇంకా గట్టిగా తొక్కాడు. నాలుగు మైళ్లు పోయాక ఇంజను ఒక్క కేక పెట్టి పట్టేసింది, బండి నిలిచిపోయింది.

అటూ ఇటూ ఎర్రనేల తప్ప ఏమీ లేదు. 108కు ఫోన్ చేస్తే ముప్పావు గంట పడుతుందన్నారు. చేయెత్తితే రెండు బళ్లు ఆగకుండా పోయాయి. ఏడింటికే ఎండ మండుతోంది. సోమప్ప తలుపులన్నీ తెరిచి తువ్వాలుతో ఆమెకు విసిరాడు.

"నీళ్లియ్యయ్యా," అన్నది మల్లీశ్వరి.

ఆయన సీసా తీసి ఒక మూత పోశాడు. ఆమె మింగి, డిక్కీ వైపు చూసింది.

"బండికి ఇంక అక్కర్లేదు కదా. ఆ నీళ్లు నాకియ్యి. కడుపునిండా తాగుతా ఒక్కసారి."

"వద్దమ్మే. ఇప్పుడే ఊపిరాడకుండాది నీకు. ఆసుపత్రికి పోతానే డాక్టర్నే అడుగుదాం."

ఆమె మళ్లీ అడగలేదు. అడిగి సాధించే మనిషి కాదు మొదటినుంచీ. అంబులెన్సు వచ్చింది, ఆక్సిజన్ పెట్టారు. అనంతపురం ఊళ్లోకి రాకముందే ఆమె చెయ్యి సోమప్ప చేతిలో చల్లబడింది.

ఇంటి దగ్గర శవం నోట్లో తలా కాసిని నీళ్లు పోశారు. సోమప్ప వంతు వచ్చినప్పుడు కారులోంచి తెప్పించిన క్యాను ఎత్తి పోయడం మొదలుపెట్టాడు. నీళ్లు చెంపల మీదుగా కారి, చాప తడిసి, వాకిలి దాకా పారాయి. నలుగురు చేరి చేతులు పట్టుకుంటే గాని ఆపలేదు.

కారు ఇప్పుడు ఇమ్మానుయేల్ షెడ్లో ఉంది. రేడియేటర్ విప్పితే గొట్టాల నిండా పసుపు పేరుకుని ఉంది. సోమప్ప అప్పుడప్పుడూ వచ్చి ఆ పక్కన కూర్చుంటాడు. పాత బండ్ల ఓనర్లు వచ్చి కూలెంట్ కారుతోందని, కంపెనీ మోసం చేసిందని మొత్తుకుంటారు. ఆయన అన్నీ వింటాడు. "ముల్లు దానంతట అది దిగితే నిలిపేయన్నా," అని మాత్రం చెబుతాడు.

ఒక రోజు ఇమ్మానుయేల్ ఉండబట్టలేక అడిగాడు. "ఏమన్నా, కంపెనీని ఒక్క మాటా అనవే ఇప్పుడు?"

"కంపెనీ ఏం చేస్తాదప్పా," అన్నాడు సోమప్ప. "నీళ్లు అడిగింది నన్ను కదా."