పావుగంటకో గ్లాసు

ముప్పై ఎనిమిదో కిలోమీటరు దగ్గర నా చేతిగడియారం పట్టీ బిగుసుకుపోయింది. పొద్దున వదులుగా పెట్టుకున్నదే. వేళ్లు దొండకాయల్లా ఉబ్బాయి. అడుగు వేసినప్పుడల్లా కడుపులో నీళ్లు కుండలో కదిలినట్టు కదులుతున్నాయి. 2000ల చివర్లో, ఢిల్లీకి పరుగు పిచ్చి కొత్తగా పట్టిన రోజులవి. గుర్గావ్ అవతల కొండదారిలో యాభై కిలోమీటర్ల పందెం, చలికాలపు ఉదయం. ఒంట్లో ఏదో తేడాగా ఉందని తెలిసింది. తెలిసి ఏం చేశాను? గడియారం చూసుకుని ఇంకో గ్లాసు తాగాను.

ఎందుకంటే అది నా సిద్ధాంతం. "దాహం వేసేదాకా ఆగడం మూఢత్వం" అని కంటోన్మెంటులో నేను పరుగు నేర్పే పదిమంది తెలుగు ఆడవాళ్లకు ఉపన్యాసాలిచ్చాను. పావుగంటకో గ్లాసు చొప్పున చార్టు గీసి, జిరాక్సు తీయించి పంచాను. ఆ సంగతి ఎక్కడ చదివానో గుర్తు లేదు. హేతువాద సభల్లో జాతకాలు రాసేవాళ్లను "ఆధారమేదీ?" అని ఇరవయ్యేళ్లుగా నిలదీస్తున్నదాన్ని, నా చార్టును ఆ ప్రశ్న ఒక్కసారీ అడగలేదు. దారిలో ఉప్పు చల్లిన బంగాళాదుంపలు పెడితే, ఉప్పు బీపీకి చేటని తోసేశాను కూడా.

నలభై నాలుగో కిలోమీటరు దగ్గర వాంతి అయింది. ఫస్ట్ ఎయిడ్ డేరాలో ఒక వాలంటీరు "డీహైడ్రేషన్ హై, ఆంటీజీ, పానీ పియో" అంటూ, ఒంట్లో నీళ్లు తగ్గాయనుకుని రెండు సీసాలు తాగించాడు. ఆ తరవాత జరిగింది మా ఆయన చెప్పగా విన్నదే. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, "అధ్యక్షా, ఈ తీర్మానాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను" అని తెలుగులో ప్రసంగించానట. ఇద్దరు చప్పట్లు కొట్టారట. పందెం ముగిసే చోట ఎదురుచూస్తున్న మా ఆయన్ని ఫోన్ చేసి పిలిపించారు. ఆయన సుబేదారు, శ్రీకాకుళం మనిషి. "ఏటే, నేనెవరో తెలిసిందా?" అంటే, "మీరు ప్రతిపక్షం" అన్నానట. అంబులెన్సులో ఫిట్స్ వచ్చాయి.

ఎమర్జెన్సీలో పంజాబీ డాక్టరమ్మ రక్తపరీక్ష, సీటీ స్కాన్ చేయించింది. మెదడు వాచి ఉంది. "సోడియం వన్ నైన్టీన్" అని, అంటే నూట ముప్పై అయిదు ఉండాల్సింది నూట పంతొమ్మిదేనని, నర్సు చదవగానే, "నో వాటర్! త్రీ పర్సెంట్ సెలైన్, ఐసీయూ" అని, చిక్కటి ఉప్పునీళ్లు ఎక్కించమని, డాక్టరమ్మ అరిచిందట. దీని పేరు హైపోనాట్రీమియా అనీ, నీళ్లెక్కువై రక్తంలో ఉప్పు పలచబడిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం దక్కేది కాదనీ మా ఆయనకు చెప్పింది.

నాకు తెలివి వచ్చాక అడిగింది. "కిత్నా పానీ పియా?"

పావుగంటకో పెద్ద గ్లాసు, ఏడు గంటలపాటు అని గర్వంగానే చెప్పాను.

"ఆప్ దౌడ్ రహీ థీం యా టంకీ భర్ రహీ థీం?"

పరుగెత్తానా, ట్యాంకు నింపానా అని! బరువు చూస్తే, అంత దూరం పరుగెత్తి రెండు కిలోలు పెరిగాను.

మంచం పక్కన మా ఆయన నసిగారు. "నిజం సెప్పేస్తాను, కోప్పడకు. పొద్దున్న నువ్వు బూట్లు కట్టుకుంటంటే ఎనకాల్నించి గుప్పెడు ఉప్పు తిప్పి పారేసినాను. అమ్మ ఫోన్లో సెప్పింది."

"చూశారా! దిష్టి తీసినా పడిపోయాను. ఆ ఉప్పు నా నోట్లో పోసినా పనికొచ్చేది."

"బతికినావు కదే. పన్జేసినట్టే గదా!"

ఎటు జరిగినా గెలిచే వాదం ఇది. ఇలాంటివాటి మీదే నా ఇరవయ్యేళ్లూ ఖర్చయ్యాయి.

మూడో రోజు వార్డుకు మార్చారు. సోడియం వన్ థర్టీ టూ. రోజుకు లీటరు మించి తాగొద్దన్నారు. అలవాటు ఊరుకుంటుందా? నర్సు చూడకుండా బాత్రూములో సీసా నింపుకుని నాలుగుసార్లు తాగాను. మర్నాడు రిపోర్టులో వన్ ట్వంటీ ఎయిట్. నీళ్లు ఆయనే ఇచ్చారనుకుని డాక్టరమ్మ మా ఆయన మీద మండిపడింది. "సుబేదార్ సాబ్, పానీ ఆప్‌నే దియా?" ఆయన ఒకసారి నా వైపు చూసి, తప్పు తన నెత్తిన వేసుకుని, "గల్తీ హో గయీ, మేడమ్" అన్నారు. నేను దుప్పటి ముసుగు పెట్టాను. సత్యం కోసం వేదికలెక్కినదాన్ని!

అప్పుడే పద్మ ఫోన్ చేసింది. హవల్దారు భార్య, నా శిష్యురాళ్లలో ముందుండేది. "అక్కా, మీకు డీహైడ్రేషన్ అయిందట గదా. నేను జాగ్రత్తగానే ఉన్నా. ఈ ఆదివారం హాఫ్ మారథాన్లో పావుగంటకి రెండేసి గ్లాసులు తాగుతాను."

ముసుగులోంచే "వాతావరణాన్ని బట్టి..." అని మొదలుపెట్టాను. "అందరి శరీరాలూ ఒకటి కావు..." అన్నాను. ఛీ! చెప్పిన జోస్యం తప్పినప్పుడు బాబాలు వాడే మాటలే ఇవి. అటువైపు ఉన్నది పద్మ ప్రాణం.

"పద్మా, చార్టు తప్పు. నీళ్లు చాలక కాదు, ఎక్కువై పడిపోయాను. దాహం వేస్తేనే తాగు. మిగతావాళ్లకూ చెప్పు... కాదు, ఉండు. నేనే చెప్తాను."

"అయితే అక్కా, ఇన్నాళ్లూ పరుగు మధ్యలో ధౌలా కువాన్ చుట్టూ బాత్రూముల కోసం వెతుక్కున్నది ఊరికేనా?"

"ఊరికే ఎందుకు? నీకు స్పీడు అందుకే వచ్చింది."

అదే ఊపులో డాక్టరమ్మను పిలిచి నీళ్లు తాగింది నేనేనని ఒప్పుకున్నాను. "ముఝే పతా థా. సుబేదార్ సాబ్ కో ఝూఠ్ బోల్‌నా నహీం ఆతా" అంది. సుబేదారుగారికి అబద్ధం చెప్పడం రాదట! మా ఆయన సిగ్గుపడ్డారు, అబద్ధం దొరికినందుకు కాబోలు. ఆ సాయంత్రమే మిగిలిన తొమ్మిదిమందికీ ఫోన్ చేశాను. ఒక్కొక్కరికీ "తప్పు" అన్న మాట చెప్పడం యాభై కిలోమీటర్లకన్నా కష్టమైంది. పద్మ ఆదివారం నాలుగుసార్లు తాగి నవ్వుతూ పరుగు ముగించింది.

తలనొప్పి, మతిమరుపు నెలరోజులు వదల్లేదు. ఇప్పుడు పది కిలోమీటర్లు హాయిగా పరుగెత్తుతున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. పొడుగు పరుగుకు ముందూ తరవాతా తూకం చూసుకోండి. బరువు పెరిగి వచ్చారంటే తాగింది ఎక్కువైనట్టే. దానికి తోడు వాంతో, తికమకో ఉంటే నీళ్లు ముట్టక ఆసుపత్రికి వెళ్లి సోడియం చూడమనండి. నమ్మితే తూకాన్ని నమ్మండి, నన్ను కాదు. నన్ను నమ్మినవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయాల్సి వచ్చింది.